దేవమ్మ ద్రాక్ష పందిరి కింద మట్టి

ఏందిరా, గుడి నేల తవ్వుతారంట? గ్రానైటు పరుస్తారా, పరచండి, నున్నగా బాగుంటది. నేను అడిగేది అది కాదు. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు? ఆఁ? వాగులోనా? హహ్హ, రక్తం ఎక్కడికి పోద్దిరా! మీ తాత బ్రహ్మానందం కూడా అరవై ఏళ్ళ కిందట అదే మట్టిని చూపించి అచ్చం ఈ మాటే అన్నాడు. కూర్చో. ట్రాక్టరు ఎక్కడికీ పోదులే. ఆ మట్టి ఊరికే వచ్చింది కాదు, అది దేవమ్మత్త మట్టి.

దేవమ్మంటే నీకేం తెలుసు, నువ్వు పుట్టేసరికే ఆమె లేదు. మన గుళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి దేవదాసు భార్య. పిట్టంత మనిషి, గొంతు మాత్రం బొల్లాపల్లి దాకా వినపడేది. యాభై రెండులోనో మూడులోనో దేవదాసు నరసరావుపేటలో ఎవరిదో బంగళాలో ద్రాక్షతీగె చూసి, ఒక ముక్క అడుక్కొని, తడి గోనెలో చుట్టి, బిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. ఎందుకనుకున్నావ్? బల్ల ఆచరణకి, గుళ్ళో ప్రభువు పేరున ద్రాక్షరసం పంచుతామే, దానికి. అప్పట్లో మన గుళ్ళో ఏం పోసేవాళ్ళురా, రాత్రి కిస్మిస్ నానబెట్టి పొద్దున పిసికితే వచ్చే నీళ్ళు. చూస్తే పల్చటి టీ. "ప్రభువు బల్ల దగ్గర ఈ ఎంగిలి టీ ఏందే" అని ఆయన బాధ. తీగె పాకింది. బూజు తెగులొస్తే పేట నుంచి మైలుతుత్తం తెచ్చి, సున్నంతో కలిపి, ఆ నీలం మందు చేతిపంపుతో కొట్టారు. ఇంక చూస్కో, పందిరి కుంగేంత కాపు. నాలుగేళ్ళు బల్ల మీద ఆ రసమే. పక్కూళ్ళ వాళ్ళు దాని కోసమే మన గుడికొచ్చేవాళ్ళు, నిజం, ప్రసంగం కోసం కాదు.

తర్వాత దేవదాసు పోయాడు. పోయిన రెండేళ్ళకి తీగె పాలిపోవడం మొదలుపెట్టింది. ఆకు పసుపు, ఈనె మాత్రం పచ్చగా. సరిగ్గా అప్పుడే కొత్త గుడికి శంకుస్థాపన. ఆ సభలో దేవమ్మత్త ఆడోళ్ళ వైపు నుంచి లేచి నిలబడి, "ఈ గుడి ప్రతిష్ఠ నాడు బల్ల మీద మా ఆయన తీగె రసమే ఉంటది. కిస్మిస్ పొట్లం ఈ గడప దాటిందంటే నేను దాటను, ఇదే చెప్తున్నా" అంది. మీ తాత సంఘపెద్ద గదా, ఊరుకుంటాడా! "అట్టాగేలే అక్కా, పొట్లం మాత్రం నేను కొనుంచుతా" అన్నాడు. అన్నట్టే కొన్నాడు కూడా. చొక్కా జేబులో పెట్టుకొని, ఆమె ఎదురైనప్పుడల్లా జేబు తట్టేవాడు. మాట లేదు, పలుకు లేదు, తట్టడమే.

ఆమె తీగె ముక్కలు కొత్తగా నాటింది. చచ్చినయ్. మళ్ళీ నాటింది, మళ్ళీ చచ్చినయ్. ఊరంతా తలా ఒక మాట. దిష్టన్నారు, నాటినోళ్ళ పాపమన్నారు. ఆ పాపం మాట మొగుడి మీదికి పోయేది గదా, అదే ఆమెకి కాలింది. అప్పుడొచ్చాడు మీరా సాహెబు. ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. చేతిలో పని ఎంత ఉన్నా మనసు చేపల మీదే ఉండేది. ఒకసారి రైసుమిల్లు ఇంజను విప్పి మధ్యలో వదిలేసి గాలమేసుకొని పోయాడు, మిల్లాయన చెరువుగట్టు మీదికొచ్చి కాళ్ళా వేళ్ళా పడ్డాడు, అది వేరే కథ. దేవమ్మత్త మందు కొట్టే పంపుకి వాషరు మార్చి, గాలానికి ఎరలు కావాలని పందిరి కింద తడి చూసి తవ్వాడు. మోకాటి లోతు తవ్వాడు. ఒక్క వానపాము లేదు. పోయి స్నానాల నీళ్ళు పోయే తూములో తవ్వితే దోసెడు వచ్చినయ్. "ఏందక్కా ఇది, నీ పందిరి కింద పురుగు కూడా కాపురం చెయ్యనంటంది! ఈ నేలకి ఏం పోశావు?" అన్నాడు.

ఏం పోసిందా? చెప్తా. ఆ నీలం మందు కుండల్లో కలపాలి, ఇనప బొక్కెనని తినేస్తది. కలిపింది రేపటికి పనికిరాదు. దేవమ్మత్త గంజి కూడా పారబోసే మనిషి కాదు గదా! ఆకుకి మంచిదైంది వేరుకి చెడ్డదవుద్దా అని, మిగిలిందంతా ఏటా మొదట్లో పోసింది. పదేళ్ళు. మైలుతుత్తమంటే రాగేరా. ఎండకి ఆరదు, వానకి పోదు, మట్టిని పట్టిందంటే వదలదు. సాహెబు అది విని నెత్తి కొట్టుకొని, "ఒంటికి రాసే మందు మిగిలిందని బిడ్డ నోట్లో పోశావా అక్కా!" అన్నాడు.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. ఆమె రెండు కుండలు తెచ్చింది. ఒక దాంట్లో పందిరి మట్టి, ఒక దాంట్లో చెరువు మట్టి. రెండిట్లో గోంగూర చల్లింది. సంఘం కూడిన రోజు ఆ రెండూ తెచ్చి మీ తాత ముందు దబ్బున పెట్టింది. ఒక దాంట్లో కూర వండుకునేంత గోంగూర. రెండో దాంట్లో నాలుగు పసుపు పోచలు. "చూడు తమ్ముడూ. పాపం మా ఆయనది కాదు, మట్టిది. మట్టిది కూడా కాదు, నా చేతిది. ఇంక ఈ మట్టి తీసేస్తా" అంది. మీ తాత, "తీసి వాగులో పొయ్యి, వానకి కొట్టుకుపోద్ది" అన్నాడు. "మంచినీళ్ళ చెలమలు వాగులోనే గదా తవ్వుకుంటన్నాం! నా తీగెకి పట్టింది ఊరికి పట్టించమంటావా?" అని గద్దించింది దేవమ్మత్త. అప్పుడే గుడి పునాదుల మధ్య నింపడానికి ఎర్రమట్టి కోసం బళ్ళు వెతుకుతున్నారు. ఆమె అటు చూపించి, "అందులో పోయండి. గుళ్ళో గోంగూర వేస్తారా ఏంది!" అంది. మీ తాత లేచాడు. "చచ్చిన మట్టి తెచ్చి దేవుడి మందిరం కిందా?" అంటే, ఆమె, "చచ్చినోళ్ళని మందిరం పక్కనే గదా పూడుస్తన్నాం, మట్టికేం తక్కువొచ్చింది!" అంది. సభంతా గొల్లుమంది. అట్టా పోశారురా అది, పైన గట్టిగా దిమ్మిస కొట్టి. పాత గుళ్ళో బల్లలు, హార్మోనియం పెట్టె అన్నీ చెద తినేసింది. ఈ గుళ్ళో ఇంతవరకు చెద లేదు. రాగి వల్లో, రాతి పునాది వల్లో, నేను ఒట్టేసి చెప్పలేను.

పందిరి కింద మట్టి తీసిన గుంట నిండా చెరువు మట్టి, గొర్రెల ఎరువు నింపింది. పాత తీగెకి ఒక్క కొమ్మ బతికుంటే దాన్నే వంచి కొత్త మట్టిలో పూడ్చి అంటు కట్టింది. కానీ తీగె కాపుకి రావాలంటే రెండేళ్ళు కావాలి, గుడేమో ఆర్నెల్లలో లేస్తదంటున్నారు. మీ తాత జేబు తడుతూనే ఉన్నాడు. అంతలో సిమెంటు పర్మిట్టు ఆగింది. ఆ రోజుల్లో సిమెంటంటే బంగారం. గుడి మొండిగోడలతో నిలబడిపోయింది. ఊరంతా దిగులుపడితే దేవమ్మత్త ఒక్కతే, "రానీ, నిదానంగా రానీ" అని తీగెకి నీళ్ళు పోసుకుంటా ఉండేది. మందు కొట్టింది, కానీ ఆకుకి సరిపడా కొలిచి, చుక్క కింద పడకుండా గోనె పరిచి. రెండో వానాకాలం సాహెబు మళ్ళీ గాలమేసుకొని వచ్చి పందిరి కింద గడ్డపార వేశాడు. గుప్పెడు వానపాములు! "అక్కా, కాపురానికొచ్చినయ్!" అని అరిచాడు. ఆమె చీపురు తీసుకొని పరిగెత్తుకొచ్చి, "ఒక్కదాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా, పోయి నీ తూములో తవ్వుకో సాయిబూ!" అని కొట్టినంత పని చేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం అందరం చూశాం.

అరవై అయిదు, ఎండలు ముదరకముందు ప్రతిష్ఠ. మీ తాత కొత్త చొక్కా, జేబులో అదే పొట్లం. దేవమ్మత్త తెల్లచీర కట్టుకొని, ఇత్తడి బిందె నిండా రసం నెత్తిన పెట్టుకొని, ఆ నేల మీదే, తన మట్టి మీదే, గడప దాటి నడిచొచ్చింది. పాట ఆగిపోయిందిరా. గిన్నెలు పంచారు. అందరం తలలొంచుకొని ఉన్నాం. మీ తాత తాగాడు. ఆడోళ్ళ వైపు నుంచి ఆ గొంతు: "తమ్ముడూ, కిస్మిస్సేనా?"

బల్ల దగ్గర నవ్వకూడదు. వచ్చిన పెద్ద పాస్టరుగారే నవ్వాడు. మీ తాత మాత్రం నవ్వలేదు. ఖాళీ గిన్నె చాపి, బల్ల దగ్గర ఏ సంఘంలోనూ ఎవరూ అనని మాటన్నాడు.

"ఇంకొంచెం పొయ్యక్కా."

...

ఏంది అట్టా చూస్తావ్? లే. ట్రాక్టరు వాడికి ఫోన్ చెయ్యి, మట్టి వాగులో పొయ్యొద్దని. ముందు చెయ్యి, టీ తర్వాత తాగుదువులే.