చేతులు మాత్రం సరిగ్గానే తిప్పాను

అదేంటమ్మా, నా లెక్క తేడాగా ఉందంటారు? మెదడు స్కానింగ్ మిషన్లో కదలకుండా పడుకోమన్నారు, పడుకున్నాను. తెర మీద సైగలు చేసే అమ్మాయి చెయ్యి ఎలా తిప్పితే అలా తిప్పాను. ఒక్క పొరపాటూ లేదని మీరే అన్నారు కదండీ.

ఆఁ, విన్నాను. అనుకరించేటప్పుడు సైగల భాష వచ్చినవాళ్ళ మెదడు ఒకలా పనిచేస్తుంది, రానివాళ్ళది ఇంకోలా. మా ఆవిడ సరోజ వచ్చినవాళ్ళలో చేరింది. నేను రానివాళ్ళలో. మిషన్ పాతదేమో చూశారా?

లేదండి, సైగలు వచ్చని ఫారంలో అబద్ధం రాయలేదు. చెవిటి మనిషితో ఇరవై ఆరేళ్ళ కాపురం నాది. రేపల్లెలో ఎవర్నైనా అడగండి, జ్ఞానానందం గారికి సైగలు కొట్టిన పిండి అంటారు. చర్చిలో అయ్యగారి ప్రసంగం సరోజకీ, ఇంకో నలుగురు చెవిటివాళ్ళకీ నేనే చెబుతాను. ఆయన నలభై నిమిషాలు మాట్లాడతారు. నాకు నాలుగు సైగలు చాలు. దేవుడు, ప్రేమ, పాపం, ఇళ్ళకెళ్ళండి.

నవ్వకండమ్మా.

ఇంట్లోనా? ఇంట్లో ఇంకా తేలిక. ఆవిడ చేతులతో చెప్పుకుంటూ పోతుంది. నేను తలాడిస్తాను. ఏ సైగతో ఆపిందో అదే నేనూ చేస్తాను. అర్థమైందనుకుంటుంది. ఇన్నేళ్ళూ గొడవల్లేకుండా గడిచిపోయింది.

పోయిన సంవత్సరం సరోజ వాళ్ళమ్మ ఏసమ్మ గారు బాపట్లలో పోయారు. సీరియస్‌గా ఉందని పొద్దున్నే కబురొచ్చింది. నాకు ఆఫీసు పనుండి సాయంత్రానికి గానీ బయల్దేరలేదు. మేం వెళ్ళేసరికి అయిపోయింది. తిరిగొస్తుంటే రైల్లో తెనాలి దాకా సరోజ చెబుతూనే ఉంది. చివర్లో ఒక సైగ చేసి ఆగింది. నేనూ అదే చేశాను. నన్ను కాసేపు చూసి, కిటికీ వైపు తిరిగింది.

అప్పట్నుంచి నాతో మూడే సైగలు: అన్నం, నీళ్ళు, గ్యాస్ అయిపోయింది. అంతే, ఇంకేం చెప్పదు. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నానండి నేను.

మొన్న మా అమ్మాయి క్రిస్టినా చెప్పింది. ఆ రోజు రైల్లో వాళ్ళమ్మ, "వేళకి వెళ్ళలేకపోయాను, తప్పా?" అని నన్ను అడిగిందట. కనుబొమలెత్తితే అది ప్రశ్న అటండి. నేను చేతులు అచ్చం ఆవిడలాగే తిప్పాను. కనుబొమలు ఎత్తలేదు. "తప్పే" అని తీర్పు చెప్పానన్నమాట. ఆలస్యం చేసిందేమో నేను.

సరిదిద్దాలంటే భాష రావాలి కదా. ఈ వయసులో కూతుర్ని నేర్పమనడానికి నామోషీ.

మీదే కరెక్టులెండి. రానివాళ్ళలోనే ఉంచండి నన్ను. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. వెళ్ళగానే మీరేమన్నారని అడుగుతుంది. బొటనవేలు పైకెత్తి చూపిస్తాను. అదొక్కటీ బాగా వచ్చండి నాకు.