డ్రైవరు ఫోన్ చేసే మనిషి

సాలూరులో లారీల వాళ్లూ, మహిళా సంఘం వాళ్లూ కలిసి 'ఐస్' అనే మత్తుమందు మాన్పించే పని మొదలుపెట్టారు. మనసు మత్తు వైపు లాగినప్పుడు ఫోన్ చేయడానికి ప్రతి డ్రైవరూ ఒక మనిషి పేరు రాయించాలి. ఒక డ్రైవరు భార్య, ఆ సంఘంలో ఉన్న తన పక్కింటావిడ ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా మొగుడు నీ పేరు రాయించినాడట గదా వదినా. నాను సచ్చిపోనానా?"

"ఏటే ఆ మాటలు? ముందు కూకో."

"కూకోను. రోజుకెన్నిసార్లు ఫోన్ సేస్తాడు?"

"నిన్న మూడుసార్లు సేసినాడు."

"నాకు ఒక్కసారీ సెయ్యలేదు. నీతో ఏటి మాటాడతాడు?"

"మాటలేటున్నాయే? ఏడుస్తాడు. 'నన్నిలా సూస్తే నా పెళ్లాం ఒగ్గేసి పోతాది అప్పా' అంటాడు."

"ఇంటికొస్తే నవ్వుతాడు. ఆ ఏడుపు నాది గాదా వదినా? అదీ నీకేనా?"

ఫోన్ మోగింది.

"అదిగో, మీ ఆయనే. నువ్వే తియ్యి."

"నా గొంతింటే ఫోన్ పెట్టీస్తాడు. నువ్వే మాటాడు. నాను గుమ్మం కాడ కూకుంతాను."