నా చెయ్యి పడ్డ లైటు

ఆరున్నర వేలండీ! ఒక్క టార్చికి! కరెంటు సామాన్ల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్లయింది, ఇంత అన్యాయం నేనెక్కడా చూళ్లేదు. ఆ డబ్బుకి రెండు గదులకి వైరింగు చేసి, వాకిట్లో ట్యూబ్‌లైటు ఉత్తినే బిగించి వస్తాను!

ఆఁ? లేదు లేదు, గొడవకి రాలేదు రాజ్‌కిరణ్ సార్. నా గొంతే అంత. నేను రహస్యం చెప్తే మా పక్కూరు సిప్పీఘాట్ దాకానే వినిపిస్తుందంటుంది మా ఆవిడ రత్నం. కూర్చుంటాను. ఈ గాలి సిలిండర్ మీద కూర్చోవచ్చా? వద్దా? సరే సరే, స్టూలే నయం.

నా పేరు గోపినాథ్. డాలీగంజ్. మీ దగ్గర గెస్టుల్ని సముద్రం అడుక్కి తీసుకెళ్తూ డైవ్‌మాస్టర్‌గా చేస్తోందే సుష్మ, దాని నాన్నని. మీది భీమిలి అని అమ్మాయి చెప్పింది, అందుకే తెలుగులో దంచేస్తున్నాను. హిందీ కూడా వచ్చు, ఎందుకు రాదూ! పుట్టింది ఇక్కడే కదా. కానీ హిందీలో నాకు అబద్ధాలు బాగా వస్తాయి. కొట్టులో అలవాటు. ఇవాళ వాటితో పని లేదు.

పొద్దున్న మొదటి బోటుకి మీ హేవ్‌లాక్ దీవికి వచ్చాను. ఆ సీసా మీకే, రొయ్యల పచ్చడి. సుష్మ అవతల సిలిండర్లు నింపుతోంది. పచ్చడి ఇవ్వడానికే వచ్చానంటే నమ్మేసింది. నేనేం చెప్పినా నమ్మేస్తుంది సార్. అదే కదా ఇప్పుడొచ్చిన చిక్కు.

పోయిన శుక్రవారం రాత్రి డైవ్‌లో దాని లైటు ఆరిపోయింది కదా? దాన్ని మీరు రాత్రి డైవ్‌ల నుంచి తప్పించేశారు కదా? ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకి పంపిస్తానన్నవాళ్లు అదీ ఆపేశారు కదా? ఆ విషయమే. కాకపోతే టార్చి దగ్గర్నుంచి చెప్పుకు రావాలి. మధ్యలో ఆపకండి. ఆపితే పారిపోతాను, నా సంగతి నాకు తెలుసు.

మార్చిలో అడిగింది. "నాన్నా, రాత్రి డైవ్‌లు నాకే ఇస్తారట. సొంత లైటు ఉండాలి. కొంచెం చవకలో మంచిది చూసి పెట్టవా? నీకు లైట్ల సంగతి తెలుసు కదా" అని. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది సార్. ఆ మాటతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాకు తెలీడమేంటి! డాలీగంజ్‌లో నా చెయ్యి పడకుండా వెలిగే బల్బు ఒక్కటుంటే చూపించండి! "నువ్వు నిశ్చింతగా ఉండమ్మా, కొట్టులో ఉన్నదే ఇస్తాను" అన్నాను.

కొట్టులో ఉన్నది డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న టార్చి. బస్, ఇంకేం కావాలి? అయినా పరీక్ష చెయ్యకుండా ఇస్తానా? బాధ్యత గల మనిషిని. మేడ మీద సింటెక్స్ ట్యాంకులో వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి టార్చి నిండా నీళ్లు, ట్యాంకు నిండా బ్యాటరీ తుప్పు. మాకు కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది సార్. రత్నం బిందె నా చేతికిచ్చి పక్కింటి కాళమ్మ గారి గుమ్మం వైపు చూపించింది. మూడు రోజులు మోశాను.

అమ్మాయికి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వింది. "వాన వేరు, సముద్రం వేరు నాన్నా. పది మీటర్ల కింద నీళ్లు నాలుగు వైపులా నొక్కుతాయి" అంది. నాకు రోషం వచ్చింది. మా తాత నూకయ్య కళింగపట్నం నుంచి వలలు భుజానేసుకుని ఈ దీవులకొచ్చిన మనిషి. ఆయన మనవడికి నీళ్ల గురించి ఇరవై మూడేళ్ల గుంట చెప్పాలా?

చెప్పాలి. నాకు ఈత కూడా రాదు సార్. నవ్వండి, పర్వాలేదు.

తర్వాత ఫోన్లో వెతకడం మొదలెట్టాను. ఒకడు వెలుగు పది వేల ల్యూమెన్లంటాడు. ఇంకొకడు యాభై వేలంటాడు. ధర చూస్తే ఎనిమిది వందలు! తొమ్మిది వాట్లని రాసి ఏడు వాట్ల బల్బు అమ్మేవాణ్ణి నేనే కదా, ఆ లెక్కలు నా దగ్గరా? వాళ్లని దాటేశాను. కానీ ఇంకో పొరపాటు. ఎంత వెలుగుంటే అంత మంచిదనుకుని, పెళ్లి పందిట్లో పెట్టేలాంటిది ఒకటి చూసి ఫోటో పంపాను. "నాన్నా, ఇది వేస్తే చేపలు పారిపోతాయి, గెస్టులకి కళ్లు పోతాయి. నీళ్లలో మాట్లాడ్డానికి ఉండదు కదా, వెలుగుతోనే సైగ చెయ్యాలి. సన్నగా, సూటిగా పడాలి" అంది. ఓహో, టార్చితో మాట్లాడుకుంటారా! అది నాకెవరు చెప్పారు?

సరే, చివరికి దానికి నచ్చిందే చూశాం. ఆరున్నర వేలది. కంపెనీవాడు మా పిన్‌కోడ్‌కి పంపడట! ఏం, మేము ఇండియాలో లేమా? వైజాగ్‌లో ఉండే మా చిన్నమ్మ సీతాలు ఇంటికి తెప్పించాను. ఆవిడ ఇక్కడికి వచ్చేటప్పుడు మా బంధువులందరి మూటలూ మోసుకొస్తుంది, అది మా ఆనవాయితీ. టార్చిని ఎండుచేపల మధ్య జాగ్రత్తగా పెట్టి, లగేజీలో వేసేసింది. చెన్నైలో విమానం మారేటప్పుడు ఎయిర్‌పోర్టులో పిలిచి బ్యాగు విప్పించారట. ఆ టార్చి సెల్సు చేతిసంచీలోనే తేవాలట, పెట్టెలో వెయ్యకూడదట. తీసి పక్కన పడేశారు. ఎండుచేపలు వచ్చాయి, టార్చి వచ్చింది, ప్రాణం మాత్రం చెన్నైలో ఉండిపోయింది! తర్వాత కాంట్రాక్టర్ వీరన్న చెన్నై వెళ్లి, వేరే సెల్సు జేబులో పెట్టుకొచ్చాడు.

మొత్తానికి వెలిగింది. రెండు నెలలు బ్రహ్మాండంగా వెలిగింది. "లైటు సూపర్ నాన్నా" అంది.

అక్కడే నాకు గుచ్చుకుంది సార్. సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. ఆ సూపర్‌లో నాదేముంది? కంపెనీవాడు చేశాడు, చిన్నమ్మ మోసింది, వీరన్న సెల్సు తెచ్చాడు. ఊరందరి ఇళ్లలో దీపాలు పెట్టేవాణ్ణి, నా కూతురి దీపంలో నా చెయ్యి లేదు.

పోయిన బుధవారం రెండు రోజుల సెలవుకి ఇంటికొచ్చింది. టార్చిని మంచినీళ్లతో కడిగి, బట్ట మీద ఆరబెట్టింది. దాని పక్కన ఇంకోటి ఉంది, బొటనవేలంత. "ఇదేంటే, దేవుడి గదికా?" అన్నాను. పెద్దది ఆరిపోతే వాడ్డానికట. తన డబ్బులతో కొనుక్కుంది, తొమ్మిది వందలట. నేను కొన్నది ఎందుకు ఆరిపోతుందే అని ఆటపట్టించాను. రత్నం కూడా నవ్వింది.

గురువారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లిద్దరూ ప్రోతరాపూర్‌లో చుట్టాలింటికి వెళ్లారు. టార్చి, నేను మిగిలాం.

ఛార్జింగ్ పెడదామని విప్పాను. నిజంగా అందుకే. విప్పితే మూత దగ్గర, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు కనిపించింది. ఇంత సన్నం! దారం పోగులా ఉంది. దీనికా ఆరున్నర వేలు? దీన్ని నమ్ముకునా నా పిల్ల చీకటి సముద్రంలోకి దిగేది? నాకు ఒళ్లు మండింది. కొట్టులో నీళ్ల మోటార్ల స్పేర్లుంటాయి కదా, అందులోంచి మందంగా, గట్టిగా ఉన్న రింగు ఒకటి ఏరి వేశాను. మందం ఉంటే బలం అనుకున్నాను. మోటార్లకి వేసే గ్రీజు కూడా రాశాను.

మూత పూర్తిగా తిరగలేదు సార్. గుడ్డ వేసి పట్టుకారుతో బిగించాను. అయినా ఇంకో అర చుట్టు తిరగకుండా మిగిలింది. చూశాను. చూడలేదని అనను.

వెలిగించి చూశాను, తళతళా వెలిగింది. ఆ నిమిషం ఎంత ఆనందమేసిందో తెలుసా? శుక్రవారం పొద్దున్న బోటెక్కేటప్పుడు చేతికిస్తూ, "ఛార్జింగ్ నిండా పెట్టాను, ఇంక విప్పకు" అన్నాను. రింగు మాట చెప్పలేదు. ఎప్పుడో ఒకనాడు, "ఇన్నాళ్లు ఇంత బాగా పనిచేసిందంటే ఎందుకనుకున్నావు?" అని గొప్పగా చెప్దామనుకున్నాను.

ఆ రోజు రాత్రే మీరు చూశారు కదా. నేను మళ్లీ చెప్పాలా?

నలుగురు గెస్టుల్ని పట్టుకుని అడుగున ఉందట. లైటు పసుపయిందట, ఎర్రబడిందట, పోయిందట. నోట్లో గొట్టం, చుట్టూ చీకటి. గెస్టుల్లో ఒకాయన కంగారుపడి ఒక్కసారిగా పైకి ఎగరబోతే, అలా వెళ్తే ప్రమాదమని చెయ్యి పట్టి ఆపిందట. అప్పుడు తీసింది సార్, ఆ బొటనవేలంతది. నేను దేవుడి గదికా అన్నది. దాన్ని చూపిస్తూ, సైగలు చేస్తూ, ఒక్కొక్కర్నీ నెమ్మదిగా పైకి తెచ్చింది. దాని మీద నా చెయ్యి పడలేదు, అందుకే పనిచేసింది.

ఏమంటారు? డైవ్‌కి ముందు విప్పి చూసుకోవాలి కదా అంటారా? చూసుకోవాలి. ప్రతిసారీ చూసుకుంటుంది. ఈసారి ఎందుకు చూసుకోలేదు? నాన్న విప్పొద్దన్నాడు కాబట్టి. అది చేసిన తప్పు అదొక్కటే, నా మాట నమ్మింది. రాసుకోండి, అదీ రాసుకోండి.

మీ రిపోర్టులో ఏం రాసిచ్చింది? "రింగు సరిగ్గా చూసుకోలేదు, తప్పు నాదే" అని. అవునా కాదా? శనివారం వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. "కోర్సు పోయిందమ్మా, రింగు దగ్గర వెంట్రుకేదో అడ్డుపడి ఉంటుంది, నేనే చూసుకోలేదు" అని ఒకటే ఏడుపు. స్పీకర్ పెట్టి ఉంది. నేను పక్కనే అన్నం తింటున్నాను. వెంటనే అర్థమైపోయింది సార్. 

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నేనేమన్నానో తెలుసా?

"అంత అజాగ్రత్త ఏంటే నీకు? అంత ఖరీదైన వస్తువు చేతికిస్తే అలాగేనా చూసుకునేది?" అన్నాను. ఈ నోటితోనే. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! అటు నుంచి, "సారీ నాన్నా" అంది.

సారీ నాన్నా అంది సార్.

మూడు రోజులు నిద్ర లేదు. చచ్చిపోయేదేమో కదా. నా పిల్ల, ఊరివాళ్ల పిల్లలు నలుగురు. ఎంత తెలివైనవాణ్ణి చూడండి! ఇదిగో, తీసేసిన రింగు. పారెయ్యలేదు. కొట్టులో ఏదీ పారెయ్యను, పిసినారిని. మీ దగ్గరున్న టార్చి పట్టుకారుతో విప్పండి, చేత్తో రాదు, అందులో మోటారు రింగు ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూడండి. కావాలంటే నన్ను అందరి ముందూ తిట్టండి. దాని కోర్సు మాత్రం దానికి ఇచ్చెయ్యండి.

ఏంటి? తనకి తెలుసా అంటారా? తెలీదు. మీరే చెప్పేస్తే పోలా? నేను మధ్యాహ్నం బోటుకి... ఊఁ. నేనే చెప్పాలా? మీరు నా కంటే పదేళ్లు చిన్నవారు, మాట మాత్రం పెద్దమనిషిలా అంటున్నారు.

పిలవక్కర్లేదు సార్, అదిగో, వచ్చేస్తోంది.

రా తల్లీ. పచ్చడికి రాలేదు నేను. ఈ రింగు చూడు. నీ టార్చిదే. తీసింది నేనే. ఇంకోటి వేసిందీ నేనే, మూత సరిగ్గా పడలేదని తెలిసి బిగించిందీ నేనే. ఫోన్లో అజాగ్రత్త అన్నాను చూడు, అది నన్ను నేను అనుకోవాల్సిన మాట.

అలా చూడకు. తిట్టు. పోనీ నవ్వు. ఏదో ఒకటి అను.

మీ బల్ల మీది రిపోర్టు వైపు చూపిస్తోంది సార్. వాళ్లమ్మ పోలిక.

సరే, ఆ రిపోర్టు ఇలా ఇవ్వండి, దీని పేరు కొట్టేసి నా పేరు రాస్తాను. పెన్ను నా జేబులో ఉంది కానీ, రాయదు. మా కొట్టుది. నీ పెన్ను ఒకసారి ఇయ్యమ్మా.