నిన్నటి పాత బోర్డు

తండ్రి పెట్టిన గడియారాల కొట్టు అన్న నడుపుతుంటే, అదే వీధి చివర తమ్ముడు నిన్ననే ఇంకో గడియారాల కొట్టు తెరిచాడు. వదిన వచ్చి, బోర్డు కింద నిలబడి తలెత్తి చూసింది.

“నిన్న పుట్టిన బోర్డు, అప్పుడే ముసలిదైపోయిందేం మరిదీ?”

“అది పాతకాలం ఫాంటు వదినా. కంప్యూటర్లో దొరికింది.”

“ఏనుగు పాదాల్లాంటి అక్షరాలు, వాటి కడుపులో తీగలు, పెచ్చులూడిన అంచులు! ఇదే మామయ్యగారి కొట్టని జనం అనుకోవాలనా?”

“ఛఛ, అందానికి పెట్టాను.”

“సరేలే. అక్కడ మీ అన్నయ్య పాత బోర్డు పీకించేస్తున్నారు.”

“అయ్యో, వద్దను! అది నాన్న చేత్తో రాసింది!”

“పీకించట్లేదులే, కూర్చో. మరి మామయ్యగారు రాసిన బోర్డు అక్కడుందని నీ కొట్టుకొచ్చేవాళ్ళకి చెబుతావా?”

“అడిగితే చెబుతాను.”

“అడక్కుండా నమ్మేయాలనేగా నాయనా, ఈ అక్షరాలు!”