అత్తవారి దేశానికి

సభకు అధ్యక్షత వహించిన మనోహరం గారికి, ఇంత ఎండలో మస్కట్ నుంచి బయలుదేరి వచ్చిన పాస్టర్ దేవదాసు గారికి, ఆసుపత్రి పెద్దలకు, సైట్లలో డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చిన అన్నదమ్ములకు, వంటగదిలో గారెలు వేస్తూ ఓ చెవి ఇటు పడేసిన అక్కచెల్లెళ్ళకు, మీ మేరీకుమారి నమస్కారాలు. అధ్యక్షులవారు నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏళ్ళ తరబడి వార్డుల్లో అరిచి అరిచి బతికినదాన్ని, ఐదు నిమిషాలు నాకు గొంతు సవరించుకోవడానికే సరిపోవు. (నవ్వులు) కనుక మనోహరం గారూ, దయచేసి ఆ వాచీ వైపు చూడకండి.

ఈ సభ మన లీలాకుమారిని సాగనంపడానికి. నర్సాపురం పిల్ల. నా చేతి కింద పనిచేసిన నర్సుల్లో నేను తిట్టినా నవ్వగలిగిన ఒకే ఒక్క మనిషి. ఆమె ఈ ఎడారి ఊరు ఇబ్రికి వచ్చిన కొత్తలో ఇక్కడ కరెంటు కంటే తేళ్ళు ఎక్కువగా ఉండేవి. కాన్పుకు వచ్చిన ఆడవాళ్ళు డాక్టరు గారిని చూసి ముసుగు సర్దుకుని మొహం తిప్పుకునేవారు, ఈమెను చూసి మాత్రం చెయ్యి పట్టుకునేవారు. ఈ ఊళ్ళో ఇవాళ వీధుల్లో ఆడుకునే పిల్లల్లో చాలామందికి మొదటి దెబ్బ వీపు మీద వేసి ఏడిపించింది ఈమే. నొప్పులు మొదలైతే ఆసుపత్రికి రాగానే "లీలా ఎక్కడ?" అని అడుగుతారు. నేను పక్కనే నిలబడి ఉంటాను, కానీ నన్నెవరూ అడగరు. (నవ్వులు) నవ్వకండి, నాకు మొదట్లో నిజంగానే ఒళ్ళు మండేది.

ఇప్పుడు మీ అందరికీ తెలిసినా ఎవరూ గట్టిగా అనని సంగతి నేను గట్టిగా అనేస్తాను. లీల నర్సయ్యను పెళ్ళి చేసుకుంది. నర్సయ్య రోడ్డు కంపెనీలో ఎలక్ట్రీషియన్, జగిత్యాల అవతల ఓ పల్లెటూరివాడు. విరిగిన చెయ్యితో మా దగ్గరికొచ్చాడు, చెయ్యి బాగైనా రావడం మానలేదు. అప్పటికి మన ఊళ్ళల్లో జై తెలంగాణ, జై ఆంధ్ర అని బస్సులు తగలబెట్టుకున్న మంటలు ఇంకా చల్లారలేదు. పైగా ఈమె చర్చికి, అతను గుడికి. మస్కట్‌లో ఎంబసీలో సంతకాలు పెట్టి బయటికొచ్చేసరికి ఇటు నర్సాపురంలో తలుపు మూశారు, అటు జగిత్యాలలో గడియ పెట్టారు. నర్సయ్య తల్లి గౌరవ్వ గారు. మన వాళ్ళెవరైనా సెలవుకెళ్ళి వస్తుంటే ఆవిడ తన మాటలు క్యాసెట్‌లో పట్టించి కొడుక్కి పంపేది. గేదె ఈనింది, బావి పూడింది, నీకు జలుబు చేసిందటగా, అన్నీ ఉండేవి అందులో. కోడలు అన్న మాట మాత్రం ఉండేది కాదు. లీల ఆ క్యాసెట్లన్నీ నర్సయ్య పక్కనే కూర్చుని వినేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "నీ పేరైనా ఎత్తని మనిషి మాటలు నీకెందుకే?" అన్నాను. "ఆవిడ గొంతు ఆయన గొంతులాగే ఉంటుందక్కా" అంది.

నిరుడు ఈ రోడ్డు మీదే లారీ బోల్తాపడి నర్సయ్య పోయాడు. అతన్ని ఊరికి తీసుకెళ్ళింది ఇదిగో, ఆ మూల కూర్చున్న ఇస్తారి. మేస్త్రీ, అతని ఊరివాడే. భార్యగా ఈమె కూడా వెళ్ళాలి కదా. వెళ్ళడానికి చీర కూడా మార్చుకుని కూర్చుంది. అంతలో ఆ ఊరి పెద్దల నుంచి రావద్దని కబురొచ్చింది. ఆ రోజు గురించి ఇంక మాట్లాడను.

ఇప్పుడు లీల ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. సరే, పుట్టింటివాళ్ళు కాస్త మెత్తబడ్డారు, నర్సాపురం వెళుతుంది కాబోలు అని మనమంతా అనుకున్నాం. అనుకుని ఊరుకోలేదు. మన ప్రసాద్ బాబు, తల దించుకోకు బాబూ, నువ్వు మంచి మనసుతోనే చేశావు, మన తెలుగు సంఘం తరఫున బొంబాయిలో తన తమ్ముడి చేత నర్సాపురం దాకా రైలు టిక్కెట్టు కొనిపించేశాడు! మన కోస్తా బుద్ధి చూడండి. ఆడపిల్లకు కష్టమొస్తే గోదావరి దాటించి మన ఒడ్డుకి చేర్చేయాలి, ఎక్కడికి వెళతావమ్మా అని అడిగే ప్రసక్తే లేదు. (నవ్వులు) ఆ కబురు చెబితే లీల కాఫీ గ్లాసు కింద పెట్టి చాలా మర్యాదగా, "అన్నయ్యా, నేను జగిత్యాల వెళుతున్నాను" అంది. ప్రసాద్ బాబు మొహం ఆ పూట చూడాల్సిందే.

ఎందుకు వెళుతోంది? నర్సయ్య ఎప్పుడూ చెప్పేవాడట, మా ఊళ్ళో కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీద జగిత్యాల తీసుకెళ్ళాలి, సగంమంది దారిలోనే పోతారు అని. ఆ ఊళ్ళో ఉండి ఆ పని చేస్తానంటోంది. ఉండేది ఎక్కడ? అత్తగారి ఇంట్లో. ఆ అత్తగారు రానిస్తుందా? తెలియదు. నేనూ, ఇక్కడున్న ఆడవాళ్ళమూ, పాస్టరు గారూ, అందరం చెప్పి చూశాం. వీసా కాన్సిల్ అయితే వెనక్కి రావడానికి దారి లేదే పిచ్చిదానా అన్నాం. వినలేదు.

ఈమె పట్టుదల నాకు అర్థమయ్యేలా చెప్పింది ఈమె కాదు. వెనక వరసలో కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న పాక్ గారు. కొరియా ఆయన, రోడ్డు కంపెనీలో ఫోర్‌మన్. కాలు విరిగి మా వార్డులో చాలా రోజులు పడుకున్నారు. ఆయనకు తెలుగు రాదు, అందుకే ధైర్యంగా చెబుతున్నాను: సూది చూస్తే చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుంటారు. (నవ్వులు. పాక్ గారు అందరితో పాటు నవ్వారు.) చూశారా, ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే మనతో కలిసి నవ్వే మంచి మనిషి.

లీల కట్టు మారుస్తుంటే, సగం ఇంగ్లీషు, సగం సైటు హిందీలో ఆయన ఒక కథ చెప్పారు. కథ కాదు, జరిగిందే. జపాను రాజవంశంలో పుట్టిన ఒక అమ్మాయి, పేరు మసాకో. అప్పటికి జపాను కొరియాను మింగేసి కూర్చుంది. కొరియా యువరాజును పదేళ్ళ వయసులోనే చదువు పేరు చెప్పి జపాను తీసుకెళ్ళి అక్కడే పెంచారు. ఆ యువరాజుకు ఈ అమ్మాయినిచ్చి చెయ్యాలని పెద్దలు నిర్ణయించుకున్నారు. పెళ్ళికూతురికి ఎవరు చెప్పారో తెలుసా? పేపరు! పొద్దున్నే పేపరు తెరిస్తే అందులో ఆమె ఫోటో, పెళ్ళికొడుకు ఫోటో. మన ఇళ్ళల్లో ఎంత కఠినమైన తండ్రి అయినా కాఫీ గ్లాసులు చేతికిచ్చి ఒకసారి ముందుగదిలోకి పంపిస్తాడు. రాజుల ఇళ్ళల్లో అదీ లేదు. ఇటువాళ్ళకు అతను ఓడిపోయిన దేశం వాడు, అటువాళ్ళకు ఆమె దేశాన్ని మింగినవాళ్ళ కూతురు. ఆ ఇద్దరూ మాత్రం ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

మొదటి బిడ్డ పుట్టాడు. అత్తవారి దేశానికి చూపించడానికి తీసుకెళ్ళారు. తిరుగు ప్రయాణానికి ముందే ఆ పసివాడు పోయాడు. విషం పెట్టారని కొందరు, కాదు జబ్బని కొందరు. నిజం ఈనాటికీ ఎవరికీ తెలియదు. నేను నర్సుని, చాలా చావులు చూశాను. కానీ ఆ తల్లి ఖాళీ చేతులతో ఓడెక్కడం మాత్రం తలుచుకోలేను. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, జపాను ఓడింది, బిరుదులు పోయాయి, భోగాలు పోయాయి. స్వతంత్రం వచ్చిన కొరియా కూడా చాలాకాలం వాళ్ళను రానివ్వలేదు. చివరికి రానిచ్చేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు, ఎక్కడికి వచ్చాడో ఆయనకే సరిగా తెలియదు. ఆవిడ ఆయన్ని అలా తీసుకొచ్చి, ఏళ్ళపాటు చాకిరీ చేసి, పంతొమ్మిది వందల డెబ్బైలో సాగనంపింది.

మరి ఆయన పోయాక? జపానులో బంధువులు ఉన్నారు, పుట్టిన ఊరు ఉంది. ఆవిడ వెళ్ళలేదు. కాళ్ళు లేని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు, ఎవరికీ పట్టని పిల్లలందరి కోసం ఆ దేశంలోనే బడులు పెట్టింది. ఆ ఖర్చుల కోసం తన చేత్తో బొమ్మలు గీసి, లోహపు పాత్రల మీద రంగుల మీనాపని చేసి అమ్మింది. రాజకుమారి, తెలుసా! ఇప్పటికీ అదే పని. డెబ్బై దాటిన మనిషి, పేరు కూడా వాళ్ళ భాషలోకే మార్చుకుంది, ఆ దేశంలో బాంగ్జా అంటారు.

ఇక్కడ పాక్ గారి సంగతి చెప్పాలి. ఆయన చిన్నప్పుడు జపానువాళ్ళ బడిలో సొంత భాష మాట్లాడినందుకు బెత్తం దెబ్బలు తిన్నారు, సొంత పేరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ఆయన కూతురికి పోలియో. ఆ పిల్ల చదివేది ఆవిడ పెట్టిన బడిలో! ఆయన భార్య చేర్పించింది. ఈయన పిల్లను గేటు దాకా దింపేవాడే తప్ప లోపల అడుగు పెట్టేవాడు కాదట. ఎండలోనో మంచులోనో బయట నిలబడేవాడు. ఒకరోజు పిల్ల బయటికి రాలేదు. "నాన్నా, నేను కుట్టింది చూడాలంటే నువ్వే లోపలికి రావాలి" అని చెప్పి పంపింది. కర్రలు పట్టుకుని నడిచే పిల్లతో పంతం ఎవరు గెలుస్తారు? వెళ్ళాడు. పిల్ల కుట్టిన గౌను చూశాడు. "ఆ రోజు నుంచి గేటు దగ్గర ఆగడం మానేశాను సిస్టర్" అన్నాడు.

అప్పుడు లీల అడిగింది, "ఆయన పోయాక కూడా ఆవిడ అక్కడే ఎందుకు ఉండిపోయింది?" అని. పాక్ గారు ఏమన్నారో నాకు బాగా గుర్తుంది, నేను పక్క మంచానికి మందులిస్తూ విన్నాను. "నేనెప్పుడూ ఆమెను అడగలేదు. ఒకప్పుడు మా ఊళ్ళో ఎందుకొచ్చిందని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు" అన్నారు.

రాజకుమారికీ మన నర్సుకీ పోలికేమిటని మీరనొచ్చు. నిజమే, ఒక దేశం ఇంకో దేశాన్ని మింగిన బాధ వేరు, మనది ఒక ఇంట్లోవాళ్ళ పేచీ. లీల మీద ఏ పేపరువాళ్ళూ ఏమీ రాయరు, ఆమె పేరు చెప్పుకుని ఎవరూ బడి పెట్టరు. కానీ భర్త పోయాక కూడా భర్తవైపు వాళ్ళు నావాళ్ళే అనుకుని, తనను వద్దన్న గడప వైపు నడిచే ధైర్యం, అది కోటలో పుట్టినా నర్సాపురంలో పుట్టినా ఒకటే ధైర్యం. ఇంతమంది ముందు చెబుతున్నాను లీలా, నిన్ను చూసి నాకు గర్వంగా ఉంది. కోపంగానూ ఉంది. రేపు పొద్దున్న వార్డులోకి రాగానే ఎవర్ని తిట్టను? (నవ్వులు) భయంగానూ ఉంది. ఇంత దూరం వెళ్ళి, ఆ ముసలావిడ తలుపు తియ్యకపోతే నువ్వు పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడటం నా కళ్ళముందు కనిపిస్తోంది. నీకూ కనిపిస్తుంది, నాకు తెలుసు. అయినా వెళుతున్నావు.

అందుకే ఒక పని చేశాను. ఇస్తారి మొన్ననే సెలవు నుంచి వచ్చాడు. వస్తూ ఒక మాట మోసుకొచ్చాడు. నిన్న నాకు చెబితే, నోరు మూసుకో, సభలో నా వంతు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు అన్నాను. లీలకు కూడా తెలియదు. ఇస్తారీ, లే. సిగ్గుపడకు నాయనా, నువ్వు చూసింది చూసినట్టు చెప్పు.

(ఇస్తారి లేచి నిలబడి, తలపాగా సర్దుకుని మాట్లాడాడు.)

"గౌరవ్వ తానకు పోయిన మేడం. లీలమ్మ వస్తనంటున్నది అవ్వా, ఈడనే ఉంటదట, నీ తోని ఉంటదట అని చెప్పిన. అవ్వ చాటల జొన్నలేరుకుంట కూసున్నది. తల ఎత్తలే. ఇగ నేను లేసి బయటికొస్తుంటె గడప కాడ పిలిచింది. 'అగో ఇస్తారీ, నా కోడలు జొన్నగట్క తింటదారా? ఆ దిక్కోళ్ళు తినరంటరు గద. తినకుంటె ఇప్పుడే చెప్పు, వడ్లు పట్టించి పెడత' అన్నది. గంతే మేడం."

నా కోడలు అంది. విన్నారా? క్యాసెట్లలో ఇన్నేళ్ళుగా లేని మాట అది.

లీలా, కళ్ళు తుడుచుకుని జవాబు చెప్పు. ఇక్కడే సైట్లో పనిచేసే ఇస్తారి తమ్ముడు ఈ శుక్రవారమే ఊరికి వెళుతున్నాడు, ఆ కబురు నీకంటే ముందు చేరాలి. ఏమంటావు? గట్టిగా చెప్పవే, వంటగదిలోవాళ్ళకు వినపడాలి!

(లీలాకుమారి కూర్చున్నచోటి నుంచే ఏదో అంది.)

వెనకవాళ్ళకు వినపడలేదు. వడ్లు పట్టించొద్దని చెప్పమంటోంది. ఆ జొన్నరవ్వ గట్కే తింటుందట. వండటం ఆవిడే నేర్పాలట.

ఇంక ఆపుతాను, ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి. నన్ను ఇంతసేపు భరించిన అధ్యక్షులకు, వాచీ చూడకుండా ఉన్నందుకు ప్రత్యేకంగా, పెద్దలకు, పాక్ గారికి, ఇస్తారికి, అన్నదమ్ములకు, గారెలు మాడ్చేసిన అక్కచెల్లెళ్ళకు, అందరికీ నా కృతజ్ఞతలు. వెళ్ళు లీలా. మీ అత్తగారు ఎదురు చూస్తోంది. సెలవు.