వరసలో వియ్యంకుడు

హలో… ఆ, నేనే, మమసాలీని. పెట్టెయ్యకండి బావగారూ, పెట్టెయ్యకండి!

…

నా నంబరు చూస్తే ఎత్తడం లేదు కదా మీరు. అందుకని ఇక్కడ వేడి మాంసం సంసాలు అమ్మే ఆవిణ్ణి బతిమాలి, ఆవిడ ఫోన్‌లోంచి చేస్తున్నా. ఊరికే ఇచ్చిందా? ముందు ఒక సంసా తిను, ఆ తరవాతే ఫోన్ అంది. నోరు కాలింది.

…

ఎక్కడినుంచా? ఆస్పత్రి వెనక గేటు దగ్గరనుంచే. సోమవారం మనిద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని బిక్కచచ్చిపోయాం చూడండి, అక్కడినుంచే.

…

టీకా వేయించుకోడానికి వచ్చారా? అరవై దాటిన మనిషికి ఏం టీకా అండీ? కుక్క కరిచిందా?

…

నేనా? ఆ… పంటినొప్పి అన్నాను. ఔను, అన్నాను.

…

సరే, మీరు నవ్వనంటే నిజం చెప్తా… పోనీ నవ్వండి. నా పళ్ళు ఇనపగుళ్ళలా ఉన్నాయి బావగారూ. ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ మందు కిటికీ ముందు నిలబడుతున్నా. సల్తనత్ నర్సమ్మ చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తుంది. ఆవిడ ఎదురుగానే ఆ మెథడోన్ గుటుక్కున మింగాలి, నోరు తెరిచి చూపించాలి, అప్పుడే ఇంటికి. పామీర్ దారిలో లారీ తోలిన రోజుల్లో నడుంనొప్పికని మొదలెట్టాను నల్లమందు. అది తెల్లపొడి దాకా లాక్కెళ్ళింది. ఆ పొడి మానడానికే ఈ కప్పు పట్టాను. ఇదీ నా పంటినొప్పి.

…

హలో? ఉన్నారా?

…

మీరూనా… తెలుసండీ. ఆ వరసలో టీకాకి నిలబడే మనిషి అలా నేల చూపులు చూడడు. ఎన్నేళ్ళు?

…

నాలుగా! పదకొండింటికి వస్తారా మీరు? నేను ఎనిమిదింటికి. నాలుగేళ్ళుగా ఒకే గుమ్మం తొక్కుతున్నాం! సోమవారం నా కౌన్సెలింగ్ పదకొండింటికి మారింది గనక దొరికిపోయాం గానీ, లేకపోతే మనవలకి పెళ్ళిళ్ళయ్యేదాకా టీకాలు, పళ్ళు అనుకుంటూ బతికేసేవాళ్ళం.

…

జలుబా? ఉండండి, నే చెప్తా. ముక్కు కారుతోంది. ఆవలింత మీద ఆవలింత. ఎముకల్లో ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నారు. ఔనా? దాన్ని జలుబనరు బావగారూ. రెండు కప్పులు ఎగ్గొట్టడం అంటారు.

…

సల్తనత్ ఎందుకు చెప్తుంది? ఆవిడ నోట్లోంచి పేరు ఊడిపడదు. నా కళ్ళతో నేను చూశాగా. సోమవారం నన్ను చూసి కప్పు అందుకోకుండానే పరుగెత్తారు. నిన్న వచ్చి పన్నెండు దాకా కాపు కాశాను, రాలేదు. ఇవాళ మూడో రోజు. ఇవాళా తప్పితే మళ్ళీ డాక్టరు, మళ్ళీ పరీక్షలు, మళ్ళీ చెంచాడుతో మొదలు. ఇప్పుడు పదకొండుంబావు. పన్నెండింటికి కిటికీ మూసేస్తారు.

…

పంపించేస్తామా? మీ అమ్మాయినా? ఎవరు, మేమా? చినారా మా ఇంట్లో అడుగుపెట్టాకే పలావులో ఉప్పు సమంగా పడుతోంది! ఆ పిల్లని కదిలిస్తే మావాడు ముందు నన్ను బయటికి నడిపిస్తాడు.

…

మొహం చూపించలేకపోవడం ఏంటండీ? మరి నా మొహమో? పెళ్ళిలో పెద్దమర్యాదగా గొర్రె తలకాయ తెచ్చి నా ముందు పెట్టారు. “ఓష్ మొత్తానికి ఇలాంటి పెద్దమనిషి లేడు” అని వందమంది ముందు అన్నారు. ఆ పెద్దమనిషి ఆ పొద్దున కప్పు తాగి, మూతి తుడుచుకుని వచ్చి మీ పక్కన కూచున్నాడు.

…

మీరు కూడానా? ఆ రోజు కూడా? మరి నాకు ఎదురు పడలేదేం… ఆ, పదకొండింటికి. పెళ్ళివారిని వదిలి మీరు ఎక్కడికి మాయమయ్యారా అని మావాళ్ళంతా వెతికారు! రొట్టెలు తేవడానికి వెళ్ళానన్నారుగా!

…

నవ్వారు. హమ్మయ్య, నవ్వారు… ఏమండీ, ఆ హోరేంటి? నీళ్ళ చప్పుడులా ఉంది.

…

ఆక్-బూరా నది ఒడ్డున ఏం చేస్తున్నారు?

…

బావగారూ.

…

చేతిలో ఏముంది?

…

వద్దు, ఎవరిచ్చారో చెప్పకండి, నాకక్కర్లేదు. పొట్లం విప్పారా?

…

విప్పలేదు. మంచిది. అలాగే ఉండండి. ఇంక వేళాకోళం లేదు, వినండి. రెండు రోజులు ఖాళీగా ఉన్న ఒంట్లోకి పాత కొలత వేస్తే ఒళ్ళు తట్టుకోదు. మనకి కౌన్సెలింగ్‌లో నజీరా మేడమ్ వందసార్లు చెప్పింది. మా లారీల జోరోబాయ్ వినలేదు. కిందటేడు వాడి మీద మన్ను పోసింది ఈ చేతులే.

…

ఎందుకేంటి, మీరు నాకు కావాలి. ఈ వయసులో ఇంకో వియ్యంకుణ్ణి ఎక్కడ వెతుక్కోను? నాకున్నది ఒక్కగానొక్క కొడుకు!

…

నీళ్ళలో వేసెయ్యండి. నేను ఎక్కడికీ పోను, లైన్లోనే ఉంటా. తొందరేం లేదు… ఉంది గానీ, కొంచెమే.

…

…

వేశారా?

…

నాకేం వినిపిస్తుంది, హోరు తప్ప. ఒట్లు వద్దు. నమ్మాను. చేతులు కడుక్కోండి. మొహం మీద కూడా నాలుగు నీళ్ళు చల్లుకోండి.

…

చెల్లెమ్మగారా? ఏమన్నారు పొద్దున?

…

ఏంటీ? ఆవిడకి మీ సంగతి ముందే తెలుసా?

…

మా ఆవిడకి కూడానా? … మా బుర్మకాన్‌కి ఎలా తెలుస్తుంది?

…

ఉండండి, నే కూచుంటా. అమ్మా, ఆ స్టూలు ఇటు జరుపు తల్లీ… ఆ, చెప్పండి. గురువారాలు? నజీరా మేడమ్ ఇంట్లోవాళ్ళని కూచోబెట్టి మాట్లాడుతుందే, అందులోనా? ఇద్దరూనా?

…

మరి బట్టల బజారులో ఒకే శాలువా మీద ఇద్దరూ చెయ్యి వేశామనీ, గుంజుకున్నామనీ, అలా స్నేహం కుదిరిందనీ చెప్పారు కదండీ! ఆ శాలువా నేను చూశాను కూడా!

…

అబద్ధమా. శాలువాతో సహా.

…

ఆరేళ్ళు బావగారూ! రోజూ పొద్దున “ఇవాళ ఏ పన్ను?” అని అడిగేది. నేను నోట్లో వేలు పెట్టి చూపించేవాణ్ణి! “అయ్యో, అదా” అని రొట్టె టీలో నానబెట్టి ఇచ్చేది. ఆరేళ్ళుగా నేను నానిన రొట్టె తింటున్నాను! మహానుభావురాలు ఒక్కసారైనా నవ్వలేదండీ.

…

అంటే సంబంధం కుదిర్చింది కూడా అక్కడే… మనం ఇద్దరం మీసాలు దువ్వుకుంటూ అడిగిందీ, ఒప్పుకున్నదీ అంతా ఉత్తుత్తిదే.

…

ఏమన్నారు చెల్లెమ్మగారు? మళ్ళీ చెప్పండి.

…

“నా కూతురు ఏదీ దాచుకోనక్కర్లేని ఇంటికి వెళ్ళాలి”… అంత మాటన్నారా.

…

లేదు, ఏం లేదు. సంసాలో ఉల్లిపాయ ఎక్కువైంది, అందుకని.

…

ఆ మాట విన్న మనిషి నదికి వెళ్తాడా అండీ? సిగ్గా? సిగ్గు పడాల్సింది ఇప్పుడు ఇంక ఎవరి ముందు? అందరికీ తెలుసు! మిగిలింది మనమిద్దరమే, మనకీ తెలిసిపోయింది. వంతెన మీదకి నడవండి. వ్యాను వస్తోందా?

…

ఎక్కండి. ఫోన్ పెట్టకండి… నిలబడే చోటు చాలు, మూడు స్టాపులేగా.

…

డ్రైవరు ఎక్కడికని అడుగుతున్నాడా? చెప్పండి మరి.

…

‘బజారు దగ్గర’ ఏంటి, బజారు దాటాక ఉంది ఆస్పత్రి. మామూలు గేటు కాదు, వెనక గేటు. మందు కిటికీ దగ్గర ఆపమనండి.

…

ఆ, గట్టిగానే. అతనికి వినపడాలిగా.

…

…

చెప్పారా! నాకు వినిపించింది! సంసాలావిడకి కూడా వినిపించింది! … ఏమైంది? వ్యాన్లోవాళ్ళు ఏమన్నారు?

…

ఏమీ అనలేదా? ఒక్కరూ?

…

ఎవరు, ముసలమ్మా? ఏమంది?

…

ఆవిడ టమాటాల బుట్ట మీంచి కాలు తియ్యమందా?

…

అంతేనా?

…

మరి తియ్యండి బావగారూ, పాపం టమాటాలు! … అదిగో, వ్యాను కనిపించింది. దిగి సరాసరి కిటికీ దగ్గరికి వెళ్ళండి, సల్తనత్ ఇంకా ఉంది. నేను వెనక నిలబడతాను… నాదా? నాది ఎనిమిదింటికే అయిపోయింది. ఊరికే నిలబడతాను.

…

చెయ్యి ఊపాను, చూశారా? ఇంక పెట్టెయ్యండి.