కుక్కపిల్లకి ఇంటిచూపులు

బూట్లు విప్పక్కర్లేదండీ వెర్నా గారూ, లోపలా బురదే, బయటా బురదే. అయినా ఎన్ని ప్రశ్నలండీ బాబూ మీ సంఘంవాళ్ళవి! ఒక్క కుక్కపిల్లని పెంపకానికివ్వడానికి ఇల్లు చూడాలి, వాకిలి చూడాలి, పెరడు చూడాలి. మా సిల్వీ పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు కారులో పసిపిల్లల సీటుందా లేదా అని చూసి, బిడ్డని చేతిలో పెట్టి పంపేశారు. ఒక్కరైనా ఇంటికొచ్చి, 'నీ వల్ల అవుతుందా తల్లీ?' అని అడిగారా?

అయ్యో, మిమ్మల్ని అనట్లేదు. జీతం భత్యం లేకుండా తండర్ బే ఊరంతా తిరుగుతున్నారు, పాపం. కూర్చోండి, కాఫీ పోస్తాను. ఆ యాలకుల రొట్టె మా అత్తగారు పంపింది, తీసుకోండి. కుక్కపిల్లుంటే పిల్లకి తోడని ఆవిడ ఓటు. ఓటేసి ఆవిడ వాళ్ళింటికి పోతుంది.

ఏదీ, మా ఆయన నింపిన కాగితం ఓసారి చూడనివ్వండి. 'కుక్కని ముఖ్యంగా ఎవరు చూసుకుంటారు?' దానికేం రాశాడూ... 'ఇంటిల్లిపాదీ.' హ! ఇంటిల్లిపాదీ అంటే ఎవరో తెలుసా అండీ? ఇదిగో, మీ ఎదురుగా కూర్చుంది, పొద్దున్నుంచీ తల కూడా దువ్వుకోకుండా.

మా ఆయన కర్ట్ ఎక్కడో ఉత్తరాన గనిలో చేస్తాడు కదా. రెండు వారాలు అక్కడ క్యాంపులో, రెండు వారాలు ఇక్కడ. వచ్చాక మూడు రోజులు నిద్ర. వెళ్ళేముందు రెండు రోజులు సామాను సర్దుడు. మధ్యలో మాటలివ్వడం. పోయిన నెల అక్కణ్ణించే ఫోన్లో పిల్లకి మాటిచ్చేశాడు, 'నీకు కుక్కపిల్లని తెస్తా బంగారం' అని. నన్నొక్క ముక్క అడగలేదు. ఆలూ లేదు చూలూ లేదు, ఇది పేరు కూడా పెట్టేసింది. పాన్‌కేక్ అట! రోజూ తెల్లారగానే నా మంచమెక్కి, 'పాన్‌కేక్ ఇవాళొస్తుందా అమ్మా?'

కుక్కపిల్ల ముద్దుగానే ఉందండీ, నేను కాదన్నానా? మీరు ఫొటో పంపారుగా. ఆ వేలాడే చెవులు చూస్తే ఎవరికైనా ఎత్తుకోవాలనిపిస్తుంది. కానీ సిల్వీకి మూడున్నరేళ్ళు. పోయిన నెలే పక్క తడపడం మానింది. ఒకర్ని ఇప్పుడే గట్టెక్కించాను, మళ్ళీ మొదలా?

ఇంకో రెండు వారాల్లో మంచు మొదలు. ఆ చలిలో రెండు గంటలకోసారి దాన్ని బయటికి తిప్పాలి. అప్పుడు సిల్వీనేం చెయ్యను, స్నానాల టబ్బులో ఒదిలేసి వెళ్ళనా? ఇదేమో ఎండుద్రాక్ష ఇల్లంతా చల్లుతుంది. అది కుక్కలకి విషమని మీరే అన్నారు. మొన్న పక్కింటి కుక్క తోక పట్టుకు లాగింది. అది ముసలిది కాబట్టి ఊరుకుంది. మీ కుక్కపిల్ల ఊరుకుంటుందా?

ఏంటీ, కంచెలో చెక్క ఊడిందా? కిటికీలోంచి చూశారన్నమాట. అవునండీ, చాలా పెద్ద సందు. కుక్కపిల్లేం ఖర్మ, ఎలుగుబంటి పిల్ల దూరిపోతుంది. కంచె సరిగా లేకపోతే మీరు ఇవ్వరు కదా? రాసెయ్యండి. మొహమాటపడకండి, మేమేమీ అనుకోం.

వద్దండీ! చెక్క కొట్టడానికి మీ ఆయన్ని పిలవడం ఎందుకు? పది నిమిషాల పనే, నాకూ తెలుసు. దయచేసి ఆ ఫోన్ పెట్టెయ్యండి.

అది నేనే ఊడదీశానండీ.

నిన్న మధ్యాహ్నం, సిల్వీ పడుకున్నప్పుడు. సుత్తితో మేకులు పీకి, చెక్క తీసుకెళ్ళి గరాజులో దాచాను. మీరు వద్దంటారని. మీరు వద్దంటే, 'ఆంటీ వద్దందమ్మా, నేనేం చెయ్యను' అని దానికి చెప్పొచ్చని. కర్ట్‌కీ అదే చెప్పొచ్చని.

అలా చూడకండి. నాకేం మతి చెడలేదు. అలిసిపోయాను, అంతే. మొన్న పాలగ్లాసు ఒలకబోసిందని దాని మీద అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, పిల్ల బల్ల కిందకి దూరి రెండు చెవులూ మూసుకుంది. బిస్కెట్ చూపించినా రాలేదు. ఇంకో ప్రాణం కూడా వచ్చి రోజుకి నాలుగుసార్లు నేల తడిపితే నేనేమైపోతానో! నన్ను చూస్తే నాకే భయంగా ఉందండీ.

ఏమన్నారూ? 'కంచె బాగాలేదు' అనే రాస్తారా? ఎవరికీ చెప్పరా?

మీ మనసు మంచిదండీ. నిన్నటిదాకా నాక్కావలసిందీ అదే. కానీ కర్ట్ శుక్రవారం దిగుతాడు. దిగగానే చెక్క కొట్టేస్తాడు, మళ్ళీ మీకు ఫోన్ చేస్తాడు. అప్పుడు నేనింకేం ఊడబీకను? గేటా?

వద్దు. 'తల్లి వద్దంది' అని రాయండి. ఊఁ, అలాగే. సంతకం ఎక్కడ పెట్టాలి, ఇక్కడేనా?

అదిగో, సిల్వీ నిద్ర లేచింది, మెట్లు దిగుతోంది. మీరు వెళ్ళండి, నేనే చెప్తాను. ఏడుస్తుంది. చెడ్డమ్మా అంటుంది, పో అంటుంది. అననీండి. వాళ్ళ నాన్న మీద అలగాలంటే ఆయన ఇంట్లో ఉండాలి కదా.